ఐదు లొంగాయి, ఆరోది లొంగలేదు

1845 చివర్లో లండన్‌లో ఒక కిరాణా వర్తకుడు ఎముకల నొప్పులతో మంచం పట్టాడు. అతని మూత్రం వైద్యులను తికమక పెట్టింది. కాస్త వేడి చేస్తే అందులో ఏదో తెల్లగా పేరుకునేది. మరిగేదాకా కాస్తే కరిగిపోయేది. చల్లారనిస్తే మళ్లీ పేరుకునేది. మామూలు ప్రొటీన్లు ఇలా చెయ్యవు, ఒకసారి వేడికి గడ్డకట్టాయంటే ఇక అంతే. ఆ సీసా చివరికి హెన్రీ బెన్స్ జోన్స్ అనే వైద్యుడి దగ్గరకు చేరింది. రసాయన శాస్త్రంలో ఆయనకు మంచి పేరుండేది. ఇదొక ప్రొటీనేనని, రోగి రోజుకు చాలా మోతాదులో దాన్ని పోగొట్టుకుంటున్నాడని ఆయన తేల్చాడు. వర్తకుడు మరుసటి ఏడాది మొదట్లోనే చనిపోయాడు. ఆ పదార్థానికి బెన్స్ జోన్స్ ప్రొటీన్ అన్న పేరు మిగిలింది.

అదేమిటో తెలియడానికి 117 ఏళ్లు పట్టింది. యాంటీబాడీలో రెండు బరువైన గొలుసులు, రెండు తేలికైన గొలుసులు ఉంటాయని గత అధ్యాయంలో చూశాం. బెన్స్ జోన్స్ ప్రొటీన్ అంటే విడిగా బయటికొచ్చిన తేలిక గొలుసేనని 1962లో జెరాల్డ్ ఎడెల్‌మన్, జోసెఫ్ గాలీ చూపించారు. మన రక్తంలో కోట్ల రకాల యాంటీబాడీలు కలగలిసి ఉంటాయి. వాటిలోంచి ఒక్కదాన్ని వేరుచేసి దాని అమైనో ఆమ్లాల వరుస చదవడం ఆ రోజుల్లో అయ్యే పని కాదు. మైలోమా అనే క్యాన్సర్ ఉన్నవారిలో మాత్రం ఒకే ఒక్క కణం పిచ్చిగా పెరిగిపోయి, ఒకే రకం గొలుసును గ్రాముల కొద్దీ తయారు చేస్తుంది. అది మూత్రంలోకి వచ్చేస్తుంది. యాంటీబాడీల గురించి మనకు మొదట్లో తెలిసినదంతా దాదాపుగా ఈ రోగులు ఇచ్చినదే. ఆ కాలపు పత్రాల్లో ప్రొటీన్లకు కనిపించే న్యూ, రే, కోల్ వంటి పొట్టి పేర్లు వాళ్ల పేర్లలోంచి తీసిన అక్షరాలు.

1965లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్‌లో నార్బర్ట్ హిల్ష్‌మాన్, లైమన్ క్రేగ్ ఇలాంటి గొలుసులను పోల్చి చూసి నివ్వెరపోయారు. సగం గొలుసు అందరిలో ఒకటే. మిగతా సగం మాత్రం రోగి రోగికీ మారుతోంది.

మారుతోంది సరే, ఎక్కడ ఎంత మారుతోంది? కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎల్విన్ కబాట్, ఆయనతో పనిచేసిన తై తే వూ ఈ ప్రశ్నకు 1970లో జవాబు చెప్పారు. వాళ్లు వాడిన పద్ధతి హైస్కూలు పిల్లలు కూడా చెయ్యగలిగినంత సులువు. అప్పటికి దొరికిన 77 తేలిక గొలుసుల వరుసలను ఒకదాని కింద ఒకటి పేర్చారు. ఒక్కో స్థానంలో ఎన్ని రకాల అమైనో ఆమ్లాలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టారు. ఆ సంఖ్యను, అక్కడ అన్నింటికంటే ఎక్కువగా కనిపించే అమైనో ఆమ్లం ఎంత వంతు ఉందో దానితో భాగించారు. అన్ని గొలుసుల్లోనూ ఒకటే ఉంటే జవాబు 1. ఇరవై రకాలూ సమానంగా ఉంటే 400. వచ్చిన అంకెలకు కడ్డీల పటం గీశారు. నూటపది స్థానాల్లో ఎక్కువ చోట్ల కడ్డీలు నేలబారుగా ఉండగా, మూడు చోట్ల గుంపులుగా పైకి లేచాయి. ఆ మూడూ గొలుసులో దూరదూరంగా ఉన్నాయి. అయినా గొలుసు ముడుచుకున్నప్పుడు అవి ఒక్క చోటికి చేరి ఉంటాయని, యాంటిజెన్‌ను, అంటే యాంటీబాడీ గురిపెట్టే పదార్థాన్ని, పట్టుకునే చోటు అదేనని వాళ్లు ధైర్యంగా రాసేశారు. అప్పటికి యాంటీబాడీ బంధన స్థానం ఎలా ఉంటుందో స్ఫటికంలో చూసినవాళ్లు ఎవరూ లేరు. పెన్సిలూ కాగితంతో అయ్యే లెక్క నుంచి త్రిమితీయ ఆకారం గురించి ఇంత సరైన ఊహ రావడం జీవశాస్త్రంలో అరుదు.

బరువు గొలుసులోనూ అలాంటివి మూడు దొరికాయి. మొత్తం ఆరు. తేలిక గొలుసువి ఎల్1, ఎల్2, ఎల్3. బరువు గొలుసువి హెచ్1, హెచ్2, హెచ్3. ఈ అధ్యాయమంతా ఈ ఆరింటి కథే.

చట్రం, మెలికలు

1973లో జాన్స్ హాప్‌కిన్స్‌లో రొబెర్తో పోల్యాక్ బృందం న్యూ అనే మైలోమా ప్రొటీన్ ముక్కను స్ఫటికం చేసి, ఎక్స్‌రేలతో దాని ఆకారం చూసింది. మరుసటి ఏడాది డేవిడ్ డేవీస్ బృందం ఇంకొకటి చూసింది. వూ, కబాట్ చెప్పినట్టే ఉంది. గొలుసులో మారే సగం, అంటే వేరియబుల్ భాగం, రెండు పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు గట్టిగా ఉంది, పలకల మధ్య ఒక గంధకపు బంధం బిగించి ఉంది. ఈ చట్రం ఏ యాంటీబాడీలో చూసినా దాదాపు ఒకటే. చట్రం కొసన పలకల పోగులను కలుపుతూ ఆరు మెలికలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. పట్టుకునేది ఆ మెలికలే.

ఇక్కడే చిక్కు. మెలికలో పది అమైనో ఆమ్లాలుంటే, ఒక్కో చోట ఇరవై రకాల్లో ఏదైనా ఉండొచ్చు కాబట్టి, వరుసల సంఖ్య పది లక్షల కోట్లు దాటుతుంది. ప్రతి వరుసకూ ఒక్కో ఆకారమైతే ఇక వర్గీకరణ అన్న మాటే లేదు. ఒక్కో యాంటీబాడీకీ స్ఫటికం పెంచుకోవలసిందే. స్ఫటికం ఒకసారి వారాల్లో వస్తుంది, ఒకసారి ఏళ్లు గడిచినా రాదు.

సైరస్ చోతియా ఈ లెక్కను నమ్మలేదు. కేంబ్రిడ్జిలోని మాలిక్యులర్ బయాలజీ లాబొరేటరీలో పనిచేసిన ఈ మనిషి జీవితమంతా ఒకే పట్టు పట్టాడు. ప్రకృతి వరుసలు మార్చడంలో ఎంత ధారాళమో, కొత్త ఆకారాలు కల్పించడంలో అంత పిసినారి అని ఆయన నమ్మకం. ప్రొటీన్లన్నీ కలిపి వెయ్యి కుటుంబాలకు మించవని 1992లో ఆయన రాసిన చిన్న వ్యాసం చాలామందికి తెలుసు. మెలికల మీద ఆర్థర్ లెస్క్‌తో కలిసి 1987లో ప్రచురించిన పరిశోధన అంతకంటే ముందుది. నా దృష్టిలో అంతకంటే గట్టిది కూడా.

వాళ్ల చేతిలో ఉన్న నిర్మాణాలు నిండా పది లేవు. ఈ కొద్దిపాటి సరుకుతో గణాంకాల జోలికి వెళితే ఏమీ తేలదు. అందుకని వాళ్లు వేరే ప్రశ్న వేసుకున్నారు. ఈ మెలిక ఇలాగే ఎందుకు నిలబడింది? ఏ అణువులు దీన్ని పట్టి ఉంచాయి? ఒక్కో మెలికనూ అలా విప్పి చూస్తే తేలిందేమంటే, ఆకారాన్ని నిర్ణయించేవి మెలికలోని అమైనో ఆమ్లాలన్నీ కావు. మెలిక పొడవు, దానితోపాటు కీలకమైన చోట్ల కూర్చున్న రెండు మూడు అమైనో ఆమ్లాలు. అవి మామూలుగా లోపలికి తిరిగి ఉంటాయి, కొన్ని అసలు మెలికకు చెందవు కూడా. మిగతావి బయటికి తిరిగి యాంటిజెన్‌ను తాకుతాయి. వాటిని ఎంత మార్చినా మెలిక వంపు చెక్కుచెదరదు. ఒక మెలికకు ఇలా పదేపదే కనిపించే స్థిరమైన ఆకారాలకు వాళ్లు కెనానికల్ నిర్మాణాలని పేరు పెట్టారు.

చుక్కల ముగ్గు వేసేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ముగ్గు ఏమవుతుందో చుక్కలు పెట్టడంలోనే తేలిపోతుంది. రంగులు ఎన్ని మార్చి నింపినా నెమలి నెమలే. ఒక్క చుక్క పక్కకు జరిగితే మాత్రం గీత తిరిగే దారే మారిపోతుంది.

ఎల్3 సంగతి చూడండి. కప్పా అనే రకం తేలిక గొలుసుల్లో ఎక్కువ వాటిలో ఈ మెలిక తొమ్మిది అమైనో ఆమ్లాల పొడవు. 90వ స్థానంలో ఉన్న గ్లుటమీన్ పక్కగొలుసు లోపలికి చేయిచాచి మెలిక వెన్నును హైడ్రోజన్ బంధాలతో పట్టి ఉంచుతుంది. 95వ స్థానంలో ప్రోలీన్ ఉంటే అక్కడ వెన్ను ప్రొటీన్లలో అరుదుగా కనిపించే సిస్ పద్ధతిలో తిరుగుతుంది. ఈ రెండూ ఉన్నాయంటే ఎల్3 ఎలా ఉంటుందో చెప్పేయవచ్చు. మిగతా ఏడు స్థానాల్లో ఏముందో దాదాపు చూడక్కర్లేదు. ఎల్2 ఇంకా సాధువు. దాదాపు ప్రతి యాంటీబాడీలోనూ ఒకే ఆకారం. పరిశోధకులకు దానిమీద విసుగే తప్ప ఆసక్తి కనిపించదు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం హెచ్2ది. ఒకే పొడవున్న రెండు హెచ్2 మెలికలు, పోలికలున్న వరుసలు, అయినా స్ఫటికాల్లో రెండు వేరే ఆకారాలు. మెలికలో ఎంత వెతికినా కారణం దొరకలేదు. 1990లో అన్నా త్రమొంతానో, చోతియా, లెస్క్ కలిసి దొంగను పట్టుకున్నారు. అది మెలికలో లేదు, చట్రంలో 71వ స్థానంలో ఉంది. అక్కడ ఆర్జినీన్ ఉంటే దాని పొడవాటి పక్కగొలుసు హెచ్1కూ హెచ్2కూ మధ్య దూరి హెచ్2ను పైకి నెడుతుంది. అలనీన్, వాలీన్ లాంటి పొట్టివి ఉంటే హెచ్2 కిందికి దిగి ఆ ఖాళీలో సర్దుకుంటుంది. యాంటిజెన్ ఎప్పుడూ తాకని ఒక అమైనో ఆమ్లం యాంటిజెన్‌ను పట్టుకునే తలం రూపం మార్చేస్తోంది. చట్రాన్ని చట్రంలా, బంధన స్థానాన్ని బంధన స్థానంలా విడివిడిగా చూసే అలవాటుకు ఇది గట్టి దెబ్బ. ఈ రోజు యాంటీబాడీ మందులు తయారుచేసే ఏ ప్రయోగశాలలోనైనా 71లో ఏముందో చూడకుండా ముందుకు వెళ్లరు.

చెప్పి మరీ చూడటం

జరిగిపోయినదాన్ని వివరించడం వేరు, జరగబోయేదాన్ని ముందే చెప్పడం వేరు. చోతియా బృందం తమ నియమాలను బాహాటంగా పరీక్షకు పెట్టింది. అప్పటికి పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు చేరిన పోల్యాక్ బృందం కోడిగుడ్డు లైసోజైమ్‌ను పట్టుకునే డి1.3 అనే యాంటీబాడీని స్ఫటికం చేస్తోంది. స్ఫటికం ఫలితం రాకముందే వరుస చూసి బంధన స్థానం ఆకారాన్ని వీళ్లు లెక్కగట్టారు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి 1986లో ప్రచురించారు. 1989లో ఇంకొన్ని యాంటీబాడీల లెక్క బయటపెట్టారు. వాటి స్ఫటికాలు పారిస్‌లో, అమెరికాలోని బెథెస్డాలో, ఆస్ట్రేలియాలో వేర్వేరు చోట్ల తయారయ్యాయి. హెచ్3ని పక్కన పెడితే మెలికల్లో ఎక్కువ భాగం చెప్పినట్టే వచ్చాయి. తప్పినచోట కూడా కొత్త కెనానికల్ ఆకారం ఒకటి బయటపడింది, జాబితా పెరిగింది. ఇలా తప్పడం వల్ల కూడా లాభం వచ్చే సిద్ధాంతాలు ఎక్కువ ఉండవు.

ఈలోగా ఒక తగువు మొదలైంది. మెలిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? కబాట్ వరుసల్లోని వైవిధ్యం చూసి గీత గీశాడు. ఆయన లెక్కలో హెచ్1 అంటే 31 నుంచి 35 వరకు. చోతియా ఆకారం చూసి గీశాడు. ఆయనకు హెచ్1 అంటే 26 నుంచి 32 వరకు. రెండు గీతలూ మొదట్లో ఐదు స్థానాలు, చివర్లో మూడు స్థానాల మేర తప్పుతాయి. ఇది పండితుల పట్టుదలలా కనిపిస్తుంది కానీ, 1988లో ఆ కొద్ది స్థానాల తేడా మీదే ఒక మందు ఆగిపోయింది.

ఆ మందు కథ ఇది. 1975లో కోలర్, మిల్‌స్టీన్ హైబ్రిడోమా పద్ధతి కనిపెట్టాక, చిట్టెలుకల్లోనూ ఎలుకల్లోనూ కోరిన యాంటీబాడీని ఎంతైనా తయారు చేసుకునే వీలు కలిగింది. మనిషికి ఇస్తే మాత్రం ఒంటికి అది పరాయి ప్రొటీన్. దానిమీదే ప్రతిఘటన మొదలవుతుంది. దీనికి గ్రెగ్ వింటర్ 1986లో ఒక ఉపాయం చూపించాడు. మనిషి యాంటీబాడీ చట్రం తీసుకుని, దానిమీద ఎలుక జాతి యాంటీబాడీ మెలికలు మాత్రం అంటుకట్టాలి. క్యాంపాత్ అనే ఎలుక యాంటీబాడీ తెల్లకణాలను పట్టి నాశనం చేస్తుంది. దాని ఆరు మెలికలను కబాట్ గీతల ప్రకారం కోసి మనిషి చట్రాల మీద పెట్టారు. బరువు గొలుసుకు న్యూ చట్రం, తేలిక గొలుసుకు రే చట్రం తీసుకున్నారు. పైన చెప్పుకున్న ఆ మైలోమా రోగుల ప్రొటీన్లే ఇవి.

తయారైనది సరిగ్గా పట్టుకోలేదు. ఎందుకంటే 27వ స్థానం. కబాట్ లెక్కలో అది చట్రం కాబట్టి న్యూలో ఉన్న సెరీన్ అలాగే ఉండిపోయింది. చోతియా లెక్కలో అది హెచ్1 మెలికలోని భాగం. ఎలుక యాంటీబాడీలో అక్కడున్న ఫినైల్ అలనీన్ లోపలికి దిగబడి మెలికను నిలబెడుతుంది. సెరీన్ తీసి ఫినైల్ అలనీన్ పెట్టగానే పట్టు మూల యాంటీబాడీకి దగ్గరగా వచ్చింది. ఒక్క అమైనో ఆమ్లం! అదే ఏడాది దాన్ని ఇద్దరు లింఫోమా రోగులకు ఇచ్చారు. 2001లో అలెంతుజుమాబ్ పేరుతో అది అమెరికాలో లుకేమియా మందుగా అనుమతి పొందింది. వింటర్‌కు 2018లో నోబెల్ వచ్చింది, అయితే అది ఈ పనికి కాదు, ఫేజ్ డిస్‌ప్లే పద్ధతితో యాంటీబాడీలను పరిణమింపజేసినందుకు.

అంటు అక్కర్లేకుండా నెట్టుకొచ్చిన మందులూ ఉన్నాయి. హైదరాబాదులో డాక్టర్ రెడ్డీస్ 2007లో రెడిటక్స్ పేరుతో విడుదల చేసిన రిటుక్సిమాబ్‌లో వేరియబుల్ భాగమంతా చిట్టెలుకదే, మిగతాది మనిషిది. మన ఊళ్లలో లింఫోమా వైద్యం చేయించుకున్న చాలామంది ఒంట్లోకి చిట్టెలుక మెలికలు అలా చట్రంతో సహా వెళ్లాయి.

గుంపులు మళ్లీ కట్టడం

నిర్మాణాలు పదుల నుంచి వందలయ్యాయి. చోతియాలాగా ఒక్కో అణువునూ కంటితో చూసి కారణం చెప్పడం ఇక కుదరదు. 1996లో లండన్‌లో ఆండ్రూ మార్టిన్, జానెట్ థార్న్‌టన్ ఆ పనిని కంప్యూటరుకు అప్పగించారు. 2011లో ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ క్యాన్సర్ సెంటర్‌లో బెంజమిన్ నార్త్, ఆండ్రియాస్ లేమన్, రోలండ్ డన్‌బ్రాక్ అంతా మొదటి నుంచి మొదలుపెట్టారు.

రెండు మెలికలు ఒకే గుంపువని ఎలా చెప్పాలి? ఒకదానిమీద ఒకటి పెట్టి అణువుల మధ్య దూరం కొలవడం పాత పద్ధతి. దానికో లోపం ఉంది. మెలికలో ఒక్క కీలు తిరగబడినా సగటు దూరంలో ఆ తేడా మునిగిపోతుంది. డన్‌బ్రాక్ బృందం దూరాలు వదిలి కోణాలు పట్టుకుంది. ప్రొటీన్ వెన్నులో ఒక్కో అమైనో ఆమ్లం దగ్గర తిరగగలిగే కోణాలు రెండే. వాటికి ఏ విలువలు కుదురుతాయో, ఏవి కుదరవో 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ లెక్కగట్టి పటం గీశారు. ఆ పటం లేని జీవరసాయన పాఠ్యపుస్తకం ఇవాళ ఉండదు. మద్రాసులో గీసిన ఆ రెండు ఇరుసుల మీదే యాంటీబాడీ మెలికల కొత్త వర్గీకరణ నిలబడింది.

నాణ్యత లేని నిర్మాణాలను ముందే ఏరిపారేసి, మూడు వందలకు పైగా యాంటీబాడీలను చూసి, హెచ్3 కాక మిగతా ఐదు మెలికలకు మొత్తం 72 గుంపులు కట్టారు. పేర్లు మొహమాటం లేనివి: ఎల్1-11-1 అంటే పదకొండు పొడవున్న ఎల్1 మెలికల్లో మొదటి గుంపు. వరుస చూసి, ఏ జంతువు జన్యువో చూసి, సుమారు 85 శాతం మెలికలను ఫలానా గుంపువని చెప్పగలిగారు. దాంతోపాటు చోతియా వారసులకు కాస్త చురక అంటించారు. పాత జాబితాలో మెలిక పొడవు తెలిస్తే చాలాసార్లు ఆకారం దానంతటదే తెలిసిపోతుందని, కీలక స్థానాల పొడవాటి పట్టికలు అనుకున్నంత అవసరం కాదని చూపించారు. ఒప్పుకోవలసిన మాటే. కానీ నాకు రెండు వర్గీకరణలూ ఒకే జాతివిగా కనిపించవు. డన్‌బ్రాక్ పట్టిక ఏ మెలిక ఏ గుంపులో ఉందో చెబుతుంది. చోతియా పట్టిక ఎందుకుందో చెబుతుంది. క్యాంపాత్‌లో 27ను సరిచేయడానికి కావలసింది రెండోది.

ఆరోది

హెచ్3ని ఇంతసేపూ పక్కన పెడుతూ వచ్చాను. అందరూ అదే చేశారు. కానీ బంధన స్థానం నడిబొడ్డున ఉండేది అదే. యాంటిజెన్‌ను ఎక్కువసార్లు ఎక్కువగా తాకేదీ అదే.

హెచ్1, హెచ్2 పూర్తిగా వి జన్యువులోనే రాసి ఉంటాయి. మనిషిలో పనిచేసే బరువు గొలుసు వి జన్యువులు నలభై చిల్లర. కాబట్టి ఆ రెండు మెలికలూ తరతరాలుగా వస్తున్న తయారు సరుకు. పరిణామం వాటిని నిలకడగా ఉండేలా తీర్చింది. హెచ్3 అలా కాదు. వి, డి, జె అనే మూడు జన్యు ముక్కలు అతుక్కునే చోట అది పుడుతుంది. సుసుము తోనెగావా 1976లో మొదలుపెట్టి బయటపెట్టిన ఈ అతుకుల పద్ధతికే 1987 నోబెల్ వచ్చింది. అతుకు దగ్గర కొన్ని అక్షరాలు చెరిగిపోతాయి. ఒక ఎంజైమ్ వచ్చి మూసలేమీ లేకుండా తోచిన అక్షరాలు చేరుస్తుంది. ఏ తల్లీ తండ్రీ ఇవ్వని, ఇంతకుముందు ఎవరి ఒంట్లోనూ ఉండి ఉండని వరుస అలా తయారవుతుంది. పొడవు కూడా నిలకడ లేదు. మనిషిలో నాలుగైదు నుంచి ముప్పై దాటే దాకా ఉంటుంది.

ఆవుల్లో అయితే మరీ విచిత్రం. వాటి యాంటీబాడీల్లో కొన్నిటికి హెచ్3 అరవై అమైనో ఆమ్లాలు దాటుతుంది. 2013లో వాన్ స్మైడర్ తదితరులు వాటి స్ఫటికాలు చూపించారు. మెలిక పొడవాటి కాడలా పైకి లేచి, దాని కొసన గంధకపు బంధాలతో కుట్టిన చిన్న గుబ్బ ఉంది. యాంటీబాడీ మీద ఇంకో బుల్లి ప్రొటీన్ మొలిచినట్టే. ఇవి ఊరికే అలంకారం కావు. హెచ్ఐవీ తన ఉపరితలాన్ని చక్కెర గొలుసులతో కప్పుకుంటుంది. ఆ పొరను దాటి లోపలికి చొరబడటానికి పొడవాటి హెచ్3 కావాలి. హెచ్ఐవీ ప్రొటీన్‌తో టీకా వేసిన ఆవులు, ఎన్నో రకాల వైరస్‌లను అడ్డుకునే యాంటీబాడీలను త్వరగా తయారు చేశాయని 2017లో తేలింది. అలాంటివి మనుషుల్లో కొద్దిమంది రోగుల్లోనే, అదీ ఏళ్ల తరబడి ఇన్ఫెక్షన్ తర్వాత పుడతాయి.

ఇంత స్వేచ్ఛ ఉన్నదానికీ నియమం వెతికారు. 1996లో జపాన్‌లో హిరోకి షిరాయ్ బృందం హెచ్3 మొదలు దగ్గర రెండు రూపాలు చూసింది. ఒకదానిలో వెన్ను ఉబ్బినట్టు వంగి ఉంటుంది, రెండోదానిలో తిన్నగా సాగి ఉంటుంది. 94వ స్థానంలో ఆర్జినీన్ లేదా లైసీన్, 101లో ఆస్పార్టిక్ ఆమ్లం ఉంటే వాటి విద్యుదావేశాలు ఆకర్షించుకుని వంపు వస్తుందన్నది నియమం. చోతియా, త్రమొంతానో బృందం కూడా 1998లో ఇలాంటిదే చెప్పింది. చక్కని రసాయన కారణం, వినగానే నమ్మబుద్ధేస్తుంది. 2011లో డన్‌బ్రాక్ బృందం వందల నిర్మాణాల్లో వెతికితే, ఆ రెండూ ఉన్నా, ఒకటే ఉన్నా, రెండూ లేకపోయినా, అన్ని రకాల్లోనూ ఎక్కువభాగం వంపు తిరిగే ఉన్నాయి. అందరూ ఒకే వైపు నడిచే దారిలో దిక్కు చెప్పడానికి నియమం ఎందుకు? మొదలు సంగతి ఇలా తేలింది. పైనున్న మెలిక తల సంగతి మాత్రం అప్పటికీ గుంపులకు దొరకలేదు.

ఊహల నాణ్యత ఎంతో తేల్చడానికి పోటీలు పెట్టారు. 2014లో ఫలితాలు వెలువడిన రెండో పోటీలో, అప్పటికి ఎవరికీ చూపించని 11 యాంటీబాడీల వరుసలు ఇచ్చి, ఆకారాలు కట్టమన్నారు. చట్రం, ఐదు మెలికలు అందరికీ దాదాపు బాగానే వచ్చాయి. పొరపాటు ఒక ఆంగ్‌స్ట్రామ్ చుట్టుపక్కల. హెచ్3లో సగటున సుమారు మూడు ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు కదా, మూడైతే ఏం పోయిందనిపించవచ్చు. హైడ్రోజన్ బంధం పొడవే సుమారు మూడు ఆంగ్‌స్ట్రామ్‌లు. అంటే ఏ అణువు దేన్ని పట్టుకుందో చెప్పలేని స్థితి. రెండో అంచెలో మిగతా యాంటీబాడీ అసలు స్ఫటికాన్నే చేతికిచ్చి, హెచ్3 ఒక్కటే కట్టమన్నారు. అప్పుడు కొందరికి బాగా కుదిరింది.

తర్వాత 2020లో ఆల్ఫాఫోల్డ్2 వచ్చింది. ప్రొటీన్ల ఆకారాలు వరుస చూసి చెప్పడంలో అది సాధించినది చిన్న విషయం కాదు, 2024లో డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు నోబెల్ తెచ్చిపెట్టింది. కానీ అది బలం తెచ్చుకునేది ఎక్కడినుంచో చూడండి. ఒక ప్రొటీన్‌కు బాక్టీరియా నుంచి మనిషి దాకా ఉన్న దాయాదుల వరుసలను పక్కపక్కన పెడుతుంది. ఒకచోట అక్షరం మారినప్పుడల్లా ఇంకోచోటా మారుతుంటే, ఆ రెండూ ముడుచుకున్న ప్రొటీన్‌లో పక్కపక్కన ఉన్నాయని పసిగడుతుంది. హెచ్3కి దాయాదులెక్కడ? అది మొన్న ఎముక మజ్జలోని ఒక కణంలో పుట్టింది. కోట్ల ఏళ్ల పరిణామం రాసిపెట్టిన జాడ దానికి లేదు.

అందుకని యాంటీబాడీలకే ప్రత్యేకంగా పద్ధతులు కట్టారు. జాన్స్ హాప్‌కిన్స్‌లో జెఫ్రీ గ్రే బృందం తయారుచేసిన ఇగ్‌ఫోల్డ్, 55.8 కోట్ల సహజ యాంటీబాడీ వరుసలు చదివిన భాషా నమూనా మీద ఆధారపడుతుంది. ఆక్స్‌ఫర్డ్‌లో షార్లెట్ డీన్ బృందం 2023లో ఏబాడీబిల్డర్2 విడుదల చేసింది. ఒక యాంటీబాడీకి కొద్ది సెకన్లు చాలు. ఆల్ఫాఫోల్డ్ రూపాల్లో ఒకటైన మల్టీమర్ కంటే వంద రెట్లకు మించి వేగం. అందులో హెచ్3 సగటు పొరపాటు 2.81 ఆంగ్‌స్ట్రామ్‌లు, మల్టీమర్ కంటే 0.09 తక్కువ. 2014 పోటీ అంకె పక్కన దీన్ని పెట్టి చూడండి. పరీక్షకు పెట్టిన యాంటీబాడీలు వేరు కాబట్టి నేరుగా పోల్చడం న్యాయం కాదు. అయినా తొమ్మిదేళ్లు, అంత కంప్యూటరు శక్తి, అన్ని కోట్ల వరుసలు పోశాక ఆ అంకె కదిలిన దూరం చూస్తే, ప్రొటీన్ ముడతల సమస్య తీరిపోయిందన్న పత్రికా శీర్షికల మీద నాకు నమ్మకం తగ్గుతుంది.

సగటు కొన్ని సంగతులు దాచేస్తుంది, అది కూడా చెప్పాలి. పొట్టి హెచ్3లు ఇప్పుడు బాగానే వస్తున్నాయి. అంకెను పైకి లాగేవి పొడవాటివి. డేవిడ్ బేకర్ బృందం 2024లో దారి తిరగేసింది. ఉన్న వరుసకు ఆకారం వెతకడం మాని, కావలసిన ఆకారానికి మెలికలు గీసి, వాటికి వరుస రాయించింది. ఇన్‌ఫ్లుయెంజా ప్రొటీన్ మీద పెట్టి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూస్తే ఒక చిన్న యాంటీబాడీ గీసినట్టే కూర్చుంది. ఒక్కటి అలా కుదరడం వెనుక వేల కొద్దీ నమూనాలను జల్లెడ పట్టవలసి వచ్చింది.

ఇంకో అనుమానం మిగిలి ఉంది. హెచ్3కి అసలు ఒకే ఆకారం ఉంటుందా? 2003లో లియో జేమ్స్, పియెత్రో రొవెర్సీ, డాన్ తౌఫిక్ ఎస్పీఈ7 అనే యాంటీబాడీని పరీక్షించారు. డైనైట్రోఫినైల్ అనే చిన్న అణువు మీద పుట్టించిన యాంటీబాడీ అది. దేన్నీ కలవకముందే అది రెండు ఆకారాల మధ్య అటూ ఇటూ మారుతోంది. ఒక ఆకారం ఆ చిన్న అణువును మొదట వదులుగా పట్టుకుని, తర్వాత తానే సన్నని లోతైన గుంటగా మారి బిగిస్తుంది. రెండో ఆకారంలో బంధన స్థానం వెడల్పుగా, చదునుగా ఉంటుంది. దానితో ఏ సంబంధమూ లేని ఒక ప్రొటీన్‌ను అది పట్టుకుంటుంది. అమైనో ఆమ్లాల వరుస మాత్రం ఒక్కటే. ఈ యాంటీబాడీని పోటీలో పెడితే, ఒకే ఆకారం కట్టిచ్చే ప్రోగ్రాముకు మార్కులు ఏ స్ఫటికంతో పోల్చి వెయ్యాలి?